అమెరికాలో కర్ణాటక సంగీతంతో నిలదొక్కుకోవడం ఎలా?

విజయనగరంలోనో, విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో ఏళ్ల తరబడి గురువుగారి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నారు. చదువు కోసమో, పెళ్లయ్యో అమెరికా వచ్చారు. ఇక్కడ సంగీతాన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది. అది జరిగే పనే, కానీ మన ఊళ్లో జరిగే పద్ధతిలో జరగదు. అక్కడ గురువుగారి పేరు చెబితే సభవాళ్లకు మీరు ఎవరో సగం అర్థమైపోతుంది. ఇక్కడ ఆ పేరు తెలిసినవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటారు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. వచ్చిన కొత్తలో మీ సొంత కచేరీ కోసం పరుగులు పెట్టకండి. "ఫలానా అమ్మాయిని పిలుద్దాం, టైముకి వస్తుంది, ఏ శ్రుతికైనా వాయిస్తుంది" అని తోటి కళాకారులు అనుకునే స్థితికి ముందు రండి. ఇక్కడ వేదికలన్నీ అలాంటి మాటల మీదే నడుస్తాయి. ఆ స్థితికి చేరడానికి ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు వీసా, తర్వాతే వీణ

ఇది సంగీతం విషయం కాదు కదా అని ఈ భాగం దాటేయకండి. ఎంతో బాగా వాయించే పిల్లలు ఈ ఒక్క చోట తెలియక ఇబ్బందుల్లో పడుతున్నారు.

మీరు ఎఫ్-1 విద్యార్థి అయితే సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల వరకు పని చేసుకోవచ్చు. బయట డబ్బు తీసుకుని వాయించడం, అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు ఫీజు తీసుకుని పాఠం చెప్పడం అనుమతి లేని పని కిందికే వస్తాయి. శాలువా కప్పి, సంభావన అని కవర్లో పెట్టి ఇచ్చినా అది ఆదాయమే. బ్యాంకు ఖాతాకు జెల్లే యాప్‌లో పంపినా అంతే. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఏ కంపెనీ పిటిషన్ వేసిందో ఆ కంపెనీకే పని చేయాలి. వారాంతంలో కచేరీ చేసి డబ్బు తీసుకోవడానికి ఆ వీసా ఒప్పుకోదు. హెచ్-1బి ఉన్నవారి భార్యగానో భర్తగానో హెచ్-4 మీద వచ్చినవాళ్లకు, ఆ హెచ్-1బి ఉన్నవారికి గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం వచ్చి ఉంటే వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. అది చేతికి వచ్చాకే ఫీజు మాట ఎత్తండి.

మరి అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. గుడిలో, లాభాపేక్ష లేని సంస్థల ఉత్సవాల్లో ఏమీ తీసుకోకుండా పాడడం మామూలుగా ఇబ్బంది కాదు. అయినా మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓకి ఒక మెయిల్ పెట్టి అడగండి. వచ్చిన జవాబు దాచుకోండి.

సంగీతంలోనే డిగ్రీ చేసినవాళ్లకు చదువయ్యాక 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి ఉంటుంది. ఇంజినీరింగ్ వాళ్లకు దొరికే మరో 24 నెలలు సంగీతం డిగ్రీలకు మామూలుగా దొరకవు. కాబట్టి ఆ ఏడాది చాలా విలువైనది. కళాకారులకు అందులో ఒక వెసులుబాటు ఉంది: ఒకే యజమాని దగ్గర ఉద్యోగం చేయాలని లేదు, చిన్న చిన్న కచేరీలు చాలామందికి చేయవచ్చు. వారానికి కనీసం 20 గంటల పని ఉందని చూపగలగాలి, పని లేని రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. ఏ తేదీన ఎక్కడ, ఎవరికి, ఎంతసేపు వాయించారో ఒక పట్టిక రాసుకుంటూ పోవాలి. ఆ పట్టిక మొదటి కచేరీ రాత్రే మొదలుపెట్టండి. ఆర్నెల్ల తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే తప్పులు దొర్లుతాయి.

ఆ తర్వాత దారి చాలామందికి ఓ-1బి. కళల్లో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు ఇచ్చే వీసా ఇది. మొదటిసారి మూడేళ్ల వరకు ఇస్తారు. మీ అంతట మీరు వేసుకోవడం కుదరదు. ఇక్కడి సంస్థో, ఏజెంటో మీ తరఫున పిటిషన్ వేయాలి. రాబోయే కార్యక్రమాల వివరాలు, కళాకారుల యూనియన్ లాంటి సంస్థ నుంచి అభిప్రాయ లేఖ జత చేయాలి. గ్రామీ స్థాయి పురస్కారం లేనివాళ్లు ఆరు రకాల రుజువుల్లో కనీసం మూడు చూపాలి. పేరున్న కార్యక్రమాల్లో ముఖ్య పాత్ర, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, పెద్దల సిఫారసు లేఖలు, మిగతావాళ్ల కంటే ఎక్కువ పారితోషికం, ఇలా ఉంటాయి అవి. సంప్రదాయ కళలకే ప్రత్యేకంగా పి-3 అని ఇంకొకటి ఉంది. అది ఒక ఏడాదికి ఇస్తారు, దాని మీద ప్రదర్శనలతో పాటు బోధన కూడా చేయవచ్చు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, రుజువులు అప్పటికప్పుడు పుట్టవు. ఊళ్లో గెలిచిన పోటీల సర్టిఫికెట్లు, ఆకాశవాణి గ్రేడ్ కాగితం, ఉత్సవాల ఆహ్వాన పత్రికలు, పేపర్లో వచ్చిన రెండు లైన్ల వార్త అన్నీ స్కాన్ చేసి ఒక ఫోల్డర్లో పెట్టండి. తెలుగు పేపర్ కటింగ్ అయినా పనికొస్తుంది, ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ జత చేస్తే చాలు. పిటిషన్ వేసే ముందు మాత్రం కళాకారుల కేసులు చూసిన ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. రూల్స్ మారుతుంటాయి, మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో వాళ్లే చెప్పాలి.

వాద్యాన్ని ఇక్కడి గాలికి అలవాటు చేయండి

మన వాద్యాలు తేమ గాలిలో పుట్టినవి. చికాగోలోనో, బోస్టన్‌లోనో చలికాలం హీటర్ వేసిన గదిలో గాలి పూర్తిగా ఎండిపోతుంది. వయొలిన్ బిరడలు జారిపోతాయి, పై చెక్క పగుళ్లు ఇస్తుంది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా హ్యూమిడిఫైయర్ పెట్టుకోండి. తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి పెట్టెలోనే ఉంచండి. వాద్యాన్ని హీటర్ గాలి తగిలే చోట, కిటికీ పక్కన పెట్టవద్దు.

వీణవాళ్లకు అసలు భయం ఎండాకాలంలో. మెట్లు నిలబడేది మైనం మీద. డాలస్‌లో జూలై మధ్యాహ్నం కారు డిక్కీలో వీణ ఉంచి భోజనానికి వెళ్తే, తిరిగొచ్చేసరికి మైనం మెత్తబడి మెట్లు పక్కకి ఒరిగిపోతాయి. ఇరవై నాలుగు మెట్లు మళ్లీ స్వరస్థానాల్లో నిలబెట్టి కట్టగలిగినవాళ్లు ఈ దేశంలో చాలా తక్కువ. బయల్దేరే ముందే బొబ్బిలిలోనో, మీ వీణ చేసిన చోటో ఒక పూట కూర్చుని, ఒరిగిన మెట్టును ఎలా వేడిచేసి సరిచేయాలో చూసి నేర్చుకోండి. కాస్త మైనం కూడా తెచ్చుకోండి.

మృదంగం వాళ్లకు రెండు వాద్యాలు తప్పవు. మగ గొంతుకు ఒకటి, ఒకటిన్నర శ్రుతి, ఆడ గొంతుకు నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా కావాలి. ఒకే మృదంగాన్ని అంత దూరం లాగితే మూత చిరిగిపోతుంది. మూతలు మార్చేవాళ్లు మీ ఊళ్లో ఉండరు కాబట్టి వారుతో బిగించేదాని కంటే బోల్టులతో బిగించే రకం ఇక్కడ సుఖం. అదనపు మూతలు తెచ్చుకుంటే మీరే మార్చుకోవచ్చు. ఎడమవైపు పెట్టే రవ్వ ముద్దకు మాత్రం ఇబ్బంది లేదు, ఏ ఇండియన్ స్టోర్‌లో అయినా బొంబాయి రవ్వ దొరుకుతుంది.

విమానం సంగతి. వయొలిన్‌లాంటి చిన్న వాద్యాన్ని, పైన అరలో పట్టి, ఆ సమయానికి అక్కడ చోటు ఉంటే, లోపలికి తీసుకువెళ్లనివ్వాలని అమెరికా రవాణా శాఖ నిబంధన 2015 నుంచి అమల్లో ఉంది. దాని ప్రింటు ఒకటి పెట్టెలో ఉంచుకుని, ముందుగా ఎక్కేలా చూసుకోండి. పెద్ద వాద్యాలకు గట్టి ఫైబర్ పెట్టె లేకుండా చెకిన్ చేయకండి. చర్మపు మూతలు ఉన్నాయని కస్టమ్స్‌లో దాచకుండా చెప్పండి. తాతల నాటి వీణ మీద దంతపు పని ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచి రండి, దంతం మీద ఆంక్షలు చాలా కఠినంగా ఉన్నాయి.

సాధనకు చోటు, గురువుగారితో పాఠం

ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడలు పల్చటి చెక్క. ఉదయం అయిదింటికి మృదంగం మొదలుపెడితే ఎనిమిదింటికి లీజింగ్ ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది. యూనివర్సిటీ మ్యూజిక్ విభాగంలో ప్రాక్టీసు గదులు ఉంటాయి, వేరే కోర్సు విద్యార్థులకు కూడా ఇస్తారేమో అడగండి. చాలా గుళ్లలో పక్క హాలు వారంలో ఖాళీగా ఉంటుంది.

గురువుగారితో పాఠం ఆపకండి. తూర్పు తీరంలో ఉదయం ఏడు అంటే ఎండాకాలంలో మనవైపు సాయంత్రం నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర. గడియారం మారే రోజు గురువుగారికి ముందే చెప్పండి, పెద్దాయన గంటసేపు ఫోన్ ముందు కూర్చుని ఎదురుచూడకూడదు. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అనే సెట్టింగ్ ఇటు, అటు రెండు వైపులా ఆన్ చేయాలి. లేకపోతే తంబుర నాదాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకుని అది మింగేస్తుంది, గమకం సగంలో తెగిపోతుంది. ఇద్దరూ కలిసి పాడడం ఆన్‌లైన్‌లో కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఒకరు పాడాక ఒకరు పాడండి.

పిలవదగిన పక్కవాద్యం కావడం

ఊరు చేరిన నెలలోపే చుట్టుపక్కల గంట దూరంలో ఉన్న సంగీతం టీచర్లు, నాట్య గురువులు, గుడి సాంస్కృతిక కమిటీ వాళ్ల పేర్లు సేకరించండి. ఆరాధనల సీజన్ చూసుకోండి. పుష్య బహుళ పంచమి దాటాక, హాలు దొరికిన వారాంతాన్ని బట్టి వసంతం దాకా, ప్రతి ఊళ్లో త్యాగరాజ ఆరాధన చేస్తారు. త్యాగయ్యగారి పంచరత్న కృతులు అయిదూ పుస్తకం చూడకుండా వచ్చి ఉంటే, కొత్తవాళ్లయినా ముందు వరసలో కూర్చోబెడతారు. ఆ ఒక్క రోజులో ఊళ్లో సంగీతం తెలిసినవాళ్లందరూ మిమ్మల్ని వింటారు. ఈస్టర్ రోజుల్లో క్లీవ్‌లాండ్‌లో జరిగే త్యాగరాజ ఉత్సవం 1978లో మొదలైంది. ఒక్కసారైనా వెళ్లి అన్ని రోజులూ ఉండండి. పాడడానికి అవకాశం రాకపోయినా పరవాలేదు. పోటీలకు పిల్లల్ని తీసుకువచ్చే టీచర్లు, ఇండియా నుంచి వచ్చే విద్వాంసులు, వాళ్లని అమెరికా అంతా తిప్పే నిర్వాహకులు ఒకే చోట కనిపిస్తారు.

ఇక ఫోన్ వస్తుంది. "అమ్మా, వచ్చే నెల రెండో శనివారం ఒక కచేరీ ఉంది, వయొలిన్ కావాలి, వస్తావా?" అని. సరే అనేముందు అడగాల్సినవి అడగండి: "ఎంతసేపు అండీ? శ్రుతి ఎంత? వర్ణం ఏది అనుకుంటున్నారు? ప్రధాన కృతి ఏ రాగం? పల్లవి ఉందా? మృదంగం ఒక్కటే వాయించే తని ఎంతసేపు? మృదంగం ఎవరు?" ఇలా అడిగితే చిన్నతనం అనుకోరు. పని తెలిసిన మనిషి అనుకుంటారు. ఆ రాత్రే కృతుల పట్టిక వాట్సాప్‌లో తెప్పించుకోండి. రానివి ఉంటే గాయకుడి పాఠాంతరం, అంటే ఆయన పాడే పద్ధతి, రికార్డింగ్ అడగండి, మీ పాఠాంతరం వేరే అయి ఉండవచ్చు.

కచేరీ రోజు గంట ముందు హాల్లో ఉండండి. గాయకుడు ఆలాపన అయిదు నిమిషాలు చేస్తే మీది మూడు దాటకూడదు. స్వరకల్పనలో ఆయన వదిలిన చోటే అందుకోండి, ఆయన కంటే పెద్ద లెక్క వేసి చప్పట్లు కొట్టించుకునే ప్రయత్నం చేయకండి. మీకు రెండో పిలుపు వచ్చేది రానిదీ అక్కడే తేలిపోతుంది. మైకు సరిగ్గా లేకపోతే వేదిక మీద విసుక్కోవద్దు, సైగతో చెప్పండి. సౌండ్ చూసే ఆయన చాలాసార్లు అదే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ సేవగా వచ్చిన మనిషి.

జూన్ నుంచి ఆగస్టు దాకా నాట్య అరంగేట్రాల కాలం. వాద్యబృందాన్ని ఇండియా నుంచి రప్పించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి ఇక్కడ ఉన్న మంచి గాయకులకు, మృదంగం, వయొలిన్, వేణువు వాయించేవాళ్లకు ఆ మూడు నెలలూ గిరాకీ. నన్నడిగితే తెలుగు గాయకులు కూచిపూడి బాణీ మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. కూచిపూడిలో వచ్చే దరువులు, నారాయణతీర్థుల తరంగాలు, శబ్దాలు అనే రచనల్ని అభినయానికి తగ్గట్టు ఒకే పాదాన్ని పదిరకాలుగా పాడగలిగినవాళ్లు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. డబ్బు మాట్లాడేటప్పుడు రిహార్సల్స్ ఎన్నో, ఎన్ని గంటలో ముందే తేల్చుకోండి. ప్రదర్శన మూడు గంటలే అయినా రిహార్సల్స్‌కి నాలుగు వారాంతాలు పోతాయి. వాటికి వేరుగా అడగడం తప్పు కాదు.

ఒప్పుకున్నదంతా ఒక మెయిల్‌గా రాసి పంపండి: తేదీ, సమయం, పారితోషికం, ప్రయాణం, బస, కార్యక్రమం రద్దయితే ఎంత ఇస్తారు. మనవాళ్ల దగ్గర డబ్బు గురించి రాతపూర్వకంగా అడగడానికి మొహమాటం ఉంటుంది, నాకు తెలుసు. అయినా రాయండి. చేసిన పనికి డబ్బు కోసం నెలల తరబడి ఫోన్లు చేయడం కంటే ఆ మొహమాటం చిన్నది.

పాఠం చెప్పడం

వర్క్ పర్మిట్ ఉన్నాక నెలనెలా అద్దె కట్టేది పాఠాలే. దీన్ని కచేరీలు లేనివాళ్లు చేసే పనిలా చూడకండి. మంచి టీచర్‌కి ఈ దేశంలో ఉన్న గౌరవం చాలామంది గాయకులకు లేదు.

తెలుగువాళ్లుగా మీ దగ్గర ఒక సొత్తు ఉంది. త్యాగయ్య, అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య మన భాషలో రాశారు. ఇక్కడ కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల్లో, నేర్పే టీచర్లలో తెలుగు రానివాళ్లు చాలామంది. పదం ఎక్కడ విరగాలో తెలియక, అర్థం తెలియక పాడుతుంటారు. సాహిత్యం, ఉచ్చారణ మీద వారాంతపు వర్క్‌షాప్ పెడతామని తమిళ, కన్నడ టీచర్లకు చెప్పి చూడండి. సంతోషంగా పిలుస్తారు. వాళ్ల శిష్యుల్ని లాగేసుకుంటారనే భయం వాళ్లకు ఉండదు, మీకు ఒకేసారి ఇరవైమంది పిల్లలు పరిచయం అవుతారు.

ఫీజు నెలకు ముందుగా తీసుకోండి. క్లాసు మానేస్తే ఏమిటన్నది మొదటి రోజే చెప్పండి. సాకర్, స్పెల్లింగ్ బీ, గణితం ట్యూషన్ మధ్య ఆ పిల్ల మీ దగ్గరికి వస్తోంది. రెండో నెలలోనే కీర్తన కావాలని తల్లిదండ్రులు తొందరపడితే మెత్తగానే కాదనండి. సరళీ స్వరాలు మూడు కాలాల్లో నిలబడకుండా ముందుకి తోసిన పిల్లలు మూడేళ్లకి మానేస్తారు.

మనవాళ్ల వేదికలు, బయటి వేదికలు

ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, తొలి మహాసభ 1977లో జరిగింది. ఇప్పుడు తానా, ఆటా, నాట్స్, ఊరూరా తెలుగు సంఘాలు ఉన్నాయి. ఈ సభల్లో రాత్రి ప్రధాన వేదిక సినిమా పాటలది. దానికి బాధపడి దూరంగా ఉండకండి. నెలల ముందే సాంస్కృతిక కమిటీకి రాసి, ఇరవై నిమిషాల్లో ముగిసే గట్టి కార్యక్రమం ఒకటి ఇవ్వండి. కాలిఫోర్నియాలో ఉంటే సిలికానాంధ్ర అనే తెలుగు సాంస్కృతిక సంస్థ కార్యక్రమాలు, మిల్పిటాస్‌లో వాళ్ల విశ్వవిద్యాలయం సంగీతం కోర్సులు తెలుసుకోండి.

అయితే మనవాళ్ల మధ్యే ఉండిపోతే కొన్నేళ్లకు అవే హాళ్లు, అవే ముఖాలు. ఎల్. శంకర్ 1969లో వయొలిన్ పట్టుకుని ఇక్కడికి వచ్చి వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నప్పుడే గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ పరిచయమై 'శక్తి' బృందం పుట్టింది. ఆ బృందానికి 2024లో గ్రామీ వచ్చింది. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ కూడా మెక్‌లాఫ్లిన్‌తో వాయించారు, తన బాణీ వదులుకోకుండానే. బోస్టన్ బర్క్‌లీ కాలేజీలో 2011లో మొదలైన ఇండియన్ ఆన్‌సాంబుల్ లాంటివి వినండి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీకి, యూనివర్సిటీ సంగీత విభాగానికి నలభై అయిదు నిమిషాల సోదాహరణ ప్రసంగం చేస్తామని రాయండి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో సంప్రదాయ కళల్ని గురుశిష్య పద్ధతిలో నేర్పడానికి గ్రాంట్లు ఇచ్చే కార్యక్రమాలు ఉన్నాయి. వాటికి కర్ణాటక సంగీతం కూడా అర్హమే. మన పిల్లలు అప్లై చేయరు, అదే నా బాధ.

రికార్డింగులు, హక్కులు, పన్నులు

యూట్యూబ్‌లో రెండు గంటల కచేరీ పెడితే ఎవరూ చివరిదాకా చూడరు. నిర్వాహకుడికి పంపడానికి మూడు వీడియోలు చాలు: ఒక కృతి, ఒక ఆలాపన, పక్కవాద్యంగా ఒకటి. మంచి మైకు, కదలని కెమెరా ఉంటే సరి.

త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు, ఆయన కృతుల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. అయినా ఏదో రికార్డింగ్ కంపెనీ పేరుతో యూట్యూబ్ నుంచి ఆటోమేటిక్‌గా క్లెయిమ్ వస్తుంటుంది. టెన్షన్ పడకుండా, ఇది పాత వాగ్గేయకారుడి రచన, గానం నాది అని డిస్ప్యూట్ చేయండి. అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులు ఉంటాయి. అన్నమయ్య సంగతి వేరు. పదాలు పదిహేనో శతాబ్దానివే గానీ, మనం పాడే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. వాటిలో కొన్నిటికి వరసలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లోనే పోయారు. భారతీయ చట్టంలో హక్కు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. స్వరకర్త పేరు తప్పకుండా రాయండి, అమ్మకానికి రికార్డింగ్ చేస్తుంటే అనుమతి సంగతి ముందే చూసుకోండి.

పన్నుల గురించి క్లుప్తంగా. కచేరీ డబ్బుకు, పాఠాల ఫీజుకు ఎవరూ పన్ను పట్టుకుని ఇవ్వరు. రెసిడెంట్‌గా రిటర్న్ వేసేవాళ్లకు మామూలు ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఉంటుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15 ప్రాంతాల్లో నాలుగు వాయిదాలుగా కట్టాలి. వచ్చిన ప్రతి చెక్కులో నాలుగో వంతు వేరే ఖాతాలో వేసేయండి. తంత్రులు, మూతలు, కచేరీ కోసం నడిపిన కారు మైళ్లు ఖర్చు కింద చూపుకోవచ్చు, రసీదులు దాచండి.

ఏడాదికోసారి ఇంటికి

డిసెంబర్, జనవరి నెలలు వీలైనంతవరకు ఇండియాకి ఉంచుకోండి. చెన్నై సీజన్, తిరువయ్యారు ఆరాధన ఆ రోజుల్లోనే. డబ్బు కట్టి స్లాట్ కొనుక్కునే కచేరీలకు మాత్రం పోవద్దు, అవి వినేవాళ్లు ఉండరు, మీ వీసా ఫైల్లో కూడా వాటికి బరువు ఉండదు. ఆ డబ్బుతో గురువుగారి ఊళ్లో మూడు వారాలు ఉండి, కొత్తగా నాలుగు కృతులు, ఒక పల్లవి ఎదురుగా కూర్చుని నేర్చుకోండి. మూతలు వేయించుకోండి, మెట్లు కట్టించుకోండి, తంత్రులు ఏడాదికి సరిపడా కొనుక్కోండి. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ చేయించుకోవాల్సి ఉంటే ముందు కాన్సులేట్ అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ తేదీకి తగినంత వ్యవధి ఉంచుకుని, ఆ తర్వాతే ఫిబ్రవరి కచేరీలు ఒప్పుకోండి.